తేలుకుంచి చెరువుల్లో నత్తలు, మందస గెడ్డల్లో పురుగులు: సర్వే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న సారాంశం ఇదీ: శ్రీకాకుళం జిల్లాలో డిగ్రీ కళాశాలలో జంతుశాస్త్రం చెబుతున్నారు. తేలుకుంచి, తేలినీలాపురం పక్షుల విడిది కేంద్రాల చుట్టుపక్కల చెరువుల్లోనూ, మందస వైపు అడవిలోని ఒక కొండ గెడ్డ (వాగు)లోనూ ఏడాదిపాటు విద్యార్థులతో కీటకాల సర్వే, మంచినీటిలో బతికే వెన్నెముక లేని జీవుల సర్వే చేయించాలని ఉంది. ఏ వలలు కొనాలి, ఎన్ని చోట్ల చూడాలి, అనుమతి ఎవరిని అడగాలి, పేర్లు ఎవరు చెబుతారు అని అడిగారు.

వలల కంటే ముందు తేల్చుకోవలసిన విషయం ఒకటుంది. ఈ సర్వే ఎవరికి, ఎప్పుడు పనికిరావాలి? ఇలాంటి పనులు చాలావరకు పేర్ల పట్టికతో ముగిసిపోతాయి. ఫలానా చోట ఇన్ని రకాల తూనీగలు, ఇన్ని రకాల సీతాకోకచిలుకలు అని ఉంటుంది. ఎంతసేపు వెతికారు, ఏ నెలలో, ఎంత పొడవు గట్టు వెంట, ఏ వలతో అన్నది ఉండదు. పదేళ్ల తర్వాత మరొకరు అదే చెరువు దగ్గర నిలబడితే, పురుగులు తగ్గాయో పెరిగాయో ఆ పట్టిక చెప్పలేదు. కాబట్టి మీరు చేసే ప్రతి పనినీ, మీ ముఖం కూడా తెలియని ఒక మనిషి అదే చోట, అదే తీరులో మళ్లీ చేయగలగాలి. ఈ ఒక్కటి పట్టుకుంటే మిగతా నిర్ణయాలు చాలావరకు వాటంతట అవే తేలిపోతాయి.

మన దగ్గర దీని అవసరం ఎక్కువ. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి, వంశధారకు వరద వచ్చింది. కూలిన చెట్లను లెక్కపెట్టవచ్చు. గెడ్డ అడుగున రాళ్లకు అంటుకుని బతికే పురుగుల్లో ఎన్ని కొట్టుకుపోయాయి, ఎన్నేళ్లకు తిరిగి వచ్చాయి అని చెప్పాలంటే మాత్రం తుపానుకు ముందు సంవత్సరాల లెక్క చేతిలో ఉండాలి. ఈ తీరానికి తుపాన్లు కొత్త కాదు, మళ్లీ వస్తాయి. మీరు ఇప్పుడు రాసిపెట్టేది ఆ రోజుకు ‘ముందునాటి లెక్క’ అవుతుంది.

ఇక తేలుకుంచి సంగతి. పక్షుల కోసం కాపాడుతున్న చోట పక్షులను అందరూ లెక్కపెడతారు, వాటి తిండిని ఎవరూ పట్టించుకోరు. తేలుకుంచికి వచ్చేది నత్తగుల్ల కొంగ. ముక్కు మూసినా మధ్యలో సందు కనిపిస్తుంది కదా, అదే పక్షి. పత్రికల్లో వీటిని సైబీరియా పక్షులని రాస్తుంటారు. అది నిజం కాదు. ఇది దక్షిణాసియా, ఆగ్నేయాసియా దేశాల పక్షి. వానలు పడ్డాక నీళ్లు, నత్తలు దొరికే చోటు వెతుక్కుంటూ వచ్చి, ఊరి చెట్ల మీద గూళ్లు కట్టి పిల్లలను పెంచుకుని వెళుతుంది. దాని ప్రధాన ఆహారం మన చెరువుల్లో, వరి మళ్లలో ఉండే పెద్ద గుండ్రటి నత్త, శాస్త్ర నామం పైలా. ఆ నత్తలు తగ్గితే కొంగలు వేరే చోటు చూసుకుంటాయి. చెట్లను ఎంత కాపాడినా ఆగవు. అందుకే మీ సర్వేలో మొదటి స్థానం నత్తలకు ఇవ్వమంటాను. తూనీగలంత అందంగా ఉండవు, ఫొటోలకు పేరు రాదు. కానీ ఆ కేంద్రం భవిష్యత్తు గురించి అవి చెప్పినంత నేరుగా మరేదీ చెప్పదు.

నత్తలను లెక్కపెట్టేటప్పుడు కాలం చూసుకోవాలి. పైలాకు మొప్పతో పాటు గాలి పీల్చే ఊపిరితిత్తి లాంటి సంచి కూడా ఉంటుంది. ఎండాకాలంలో చెరువు ఎండితే బురదలోకి దిగి, గుల్ల మూతను గట్టిగా బిగించుకుని నెలల తరబడి కదలకుండా ఉండిపోతుంది. మే నెలలో వల వేసి ‘నత్తలు లేవు’ అని రాస్తే ఆ మాట తప్పుదారి పట్టిస్తుంది. తొలకరి తర్వాత జులైలో ఒకసారి, నీరు నిండుగా ఉన్న అక్టోబరులో ఒకసారి, నీరు తీస్తున్న జనవరిలో ఒకసారి చూడండి. వేసవిలో ఎండిన అడుగున చదరపు మీటరు చట్రం పరచి, జానెడు లోతు వరకు మట్టి తవ్వి, మూత బిగిసి ఉన్న బతికిన నత్తలను, ఖాళీ గుల్లలను వేరువేరుగా లెక్కపెట్టండి. గట్టు పక్కన తడి మట్టి గుంతల్లో తెల్లటి గుడ్ల ముద్దలు కనిపిస్తే అది పైలా పెట్టినదే కావచ్చు. తాకకుండా ఫొటో తీసి చోటు రాసుకోండి. ఆల్చిప్పలను కూడా ఇదే చట్రంతో లెక్కించవచ్చు.

ఎన్ని చోట్లు అని అడిగారు. నాలుగు చెరువులు, గెడ్డ మీద మూడు చోట్లు చాలు. చెరువుల్లో రెండు పక్షులు వాలేవి, రెండు వాలనివి ఉండాలి. రక్షిత ప్రాంతంలో మాత్రమే చూస్తే అక్కడున్నది రక్షణ వల్ల ఉందో, ఆ నేల స్వభావం వల్ల ఉందో చెప్పలేం. పక్షుల రెట్టతో నీటిలో పోషకాలు పెరిగి ఆ చెరువు జీవుల తీరే మారిపోతుంది, దాన్ని పట్టుకోవాలన్నా పక్కన పోలిక ఉండాలి. గెడ్డ మీద ఒకటి అడవి లోపల, ఒకటి అడవి అంచున, ఒకటి పొలాల మధ్యకు దిగాక. ఒక్కో చోట మూడు నమూనాలు, ఏడాదికి నాలుగు విడతలు అనుకుంటే మొత్తం 84 నమూనాలు. చిన్న సంఖ్యలా కనిపిస్తుంది గానీ, ఒక్కో నమూనాలోని చెత్తలో నుంచి పురుగులు ఏరడానికి ఇద్దరు విద్యార్థులకు ఒక పూట పడుతుంది. ఇంతకు మించి పెట్టుకుంటే సీసాలు అల్మారాలో మిగిలిపోతాయి. ఏరని నమూనా కోసం చంపిన ప్రాణులన్నీ వృథా. రక్షిత ప్రాంతంలో అలా జరగకూడదు.

అనుమతి విషయంలో తేలిగ్గా తీసుకోవద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ప్రకటించిన అభయారణ్యంలోకి పరిశోధన కోసం వెళ్లాలన్నా, అక్కడి నుంచి ఏ జీవినైనా సేకరించాలన్నా రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి అనుమతి కావాలి. రిజర్వు అడవి అయితే 1967 ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం వర్తిస్తుంది. మీరు చెప్పిన ఒక్కో చోటు ఏ చట్టం కిందికి వస్తుందో జిల్లా అటవీ అధికారి కార్యాలయంలోనే తేల్చుకోండి, దరఖాస్తు కూడా అక్కడి నుంచే నడుస్తుంది. దరఖాస్తులో ఏ జీవులు, ఎన్ని, ఏ పద్ధతిలో, ఎక్కడ భద్రపరుస్తారు అన్నవి స్పష్టంగా రాస్తే పని సులువవుతుంది. పురుగులే కదా అనుకోవద్దు, చట్టం షెడ్యూళ్లలో సీతాకోకచిలుకలూ ఉన్నాయి. తోటల్లో రోజూ తిరిగే క్రిమ్సన్ రోజ్ సీతాకోకచిలుక కూడా చాలాకాలం మొదటి షెడ్యూలులో ఉంది. 2022 సవరణతో షెడ్యూళ్లు మారాయి కాబట్టి పాత పుస్తకాల్లోని జాబితా మీద ఆధారపడవద్దు. చెరువు పంచాయతీదైతే పంచాయతీకి, చేపల పెంపకానికి పాట పాడుకున్నవారు ఉంటే వారికి కూడా ముందే చెప్పాలి.

గెడ్డలో పని ఇలా ఉంటుంది. ఇంగ్లిషు డి అక్షరం ఆకారంలో, అడుగు 30 సెంటీమీటర్లు ఉండే చట్రానికి అర మిల్లీమీటరు కన్ను ఉన్న నైలాన్ గుడ్డ కుట్టించండి. దోమతెర గుడ్డ వద్దు, దాని కన్ను మిల్లీమీటరుకు పైనే ఉంటుంది, చిన్న లార్వాలన్నీ జారిపోతాయి. వలను ప్రవాహానికి ఎదురుగా, అడుగుకు ఆనించి పట్టుకోవాలి. దాని ముందు నిలబడి కాలితో రాళ్లను, ఇసుకను కదిలిస్తే పురుగులు కొట్టుకొచ్చి వలలో పడతాయి. మొత్తం మూడు నిమిషాలు, గడియారం చూసి. ఆ మూడు నిమిషాలను రాళ్లు, ఇసుక, రాలిన ఆకుల గుట్టలు, ఒడ్డు వేర్ల మధ్య, అవి అక్కడ ఎంత ఉన్నాయో ఆ పాలులో పంచుకోవాలి. దిగువ నుంచి ఎగువకు నడవాలి, లేకపోతే మీ కాళ్లు కదిపిన బురదే తర్వాతి నమూనాలోకి వస్తుంది. తర్వాత ఒక నిమిషం పెద్ద రాళ్లను చేత్తో ఎత్తి అడుగు భాగం చూసి, మళ్లీ అవి ఎలా ఉన్నాయో అలాగే పెట్టేయాలి. పెట్టడం మరచిపోతే ఆ రాయి కింది ఇల్లు పోయినట్టే.

వలలో పడింది తెల్లటి ట్రేలో రెండు వేళ్ల లోతు నీళ్లు పోసి కుమ్మరించండి. వెంటనే వెతకవద్దు, కదపకుండా రెండు నిమిషాలు చూడండి. మొదట అంతా చెత్తే. తర్వాత ఆకు ముక్క ఒకటి ప్రవాహం లేకుండానే పక్కకు జరుగుతుంది. ఇసుక రేణువులు అతికించి కట్టిన చిన్న గొట్టం తల బయటపెట్టి నడవడం మొదలుపెడుతుంది, అది క్యాడిస్ పురుగు. ట్రే అంచున మూడు తోకలతో, పొట్టకు రెండు వైపులా మొప్పలు ఆడిస్తూ మేఫ్లై పిల్ల ఆగి ఉంటుంది. తోకలు రెండే ఉంటే స్టోన్‌ఫ్లై అనే మరో పురుగు పిల్ల అని తొందరపడవద్దు, మేఫ్లైలలోనూ రెండు తోకలవి ఉన్నాయి. భూతద్దంతో కాలి చివర చూడండి: మేఫ్లైకి ఒక గోరు, స్టోన్‌ఫ్లైకి రెండు. స్టోన్‌ఫ్లైలు ప్రాణవాయువు సమృద్ధిగా ఉన్న చల్లటి ప్రవాహాల్లోనే ఎక్కువగా ఉంటాయి కాబట్టి పై చోట కనిపించి కింది చోట కనిపించకపోతే అది రాయదగ్గ విషయం. విద్యార్థుల మనసు ఈ పనికి అంటుకునేది ఈ రెండు నిమిషాల్లోనే. ట్రే దగ్గర ఎవరినీ తొందరపెట్టవద్దు.

చెరువుల్లో అదే వలను గట్టు వెంట, గుర్రపుడెక్క వేర్ల కింద, తామర కాడల మధ్య, తూము దగ్గర లోతు నీటిలో తిప్పండి. ఇక్కడ వచ్చేవి వేరు. నీటి తేలు తోక లాంటి గొట్టంతో గాలి పీలుస్తుంది. డిప్లోనికస్ అనే నీటినల్లిలో మగది వీపు నిండా గుడ్లు అంటించుకుని తిరుగుతుంది. అలాంటిది దొరికితే ఫొటో తీసి వెంటనే నీటిలో వదలండి. చేత్తో పట్టుకుంటే గట్టిగా కుడుతుంది కూడా. బురద నుంచి ఎర్ర దారం ముక్కల్లా కైరొనొమిడ్ (దోమలా ఉండి కుట్టని ఒక పురుగు) లార్వాలు వస్తాయి. వాటి ఎరుపు హిమోగ్లోబిన్ వల్లే, అందుకే ప్రాణవాయువు బాగా తగ్గిన నీటిలోనూ బతుకుతాయి. ప్రతి నమూనాతో పాటు నీటి ఉష్ణోగ్రత, పీహెచ్, కరిగిన ప్రాణవాయువు రాయండి, సమయం తప్పనిసరి. నాచు పట్టిన చెరువులో తెల్లవారుజామున ప్రాణవాయువు బాగా తక్కువ, మధ్యాహ్నం ఎక్కువ ఉంటుంది. సమయం లేని కొలతకు అర్థం లేదు. చెరువును చివరిసారి ఎప్పుడు ఎండగట్టారు, చేపపిల్లలను ఎప్పుడు వదిలారు, పక్క పొలాల్లో మందు ఎప్పుడు కొట్టారు అన్నవి గట్టు మీద అడిగి తెలుసుకుని రాసుకుంటే, ఖరీదైన పరికరం చెప్పలేని కారణాలు దొరుకుతాయి.

వరద తగ్గిన వెంటనే గెడ్డలోకి దిగవద్దు. అడుగంతా కొట్టుకుపోయి ఉంటుంది, కనీసం మూడు నాలుగు వారాలు ఆగాలి. వరద ప్రభావాన్నే కొలవాలనుకుంటే తప్ప.

సీసాల గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు, అసలు నష్టం జరిగేది అక్కడే. సీసాలో మూడో వంతుకు మించి నమూనా నింపవద్దు, మిగతాది స్పిరిట్. తడి ఆకుల్లోని నీరు స్పిరిట్‌ను పలుచన చేస్తుంది కాబట్టి మర్నాడు పాతది వంపేసి కొత్తది పోయాలి. మామూలు పరిశీలనకు 70 నుంచి 80 శాతం సరిపోతుంది. డీఎన్‌ఏ పరీక్షల ఆలోచన ఉంటే 95 శాతం కావాలి. స్పిరిట్ ఎక్సైజ్ నిబంధనల కిందికి వస్తుంది, కళాశాల పేరుతో ముందే తెప్పించుకోవాలి. లేబుల్ సీసా లోపల ఉండాలి, పెన్సిలుతో రాయాలి. బాల్‌పెన్ సిరా స్పిరిట్‌లో కరిగిపోతుంది, బయట అంటించిన కాగితం ఊడిపోతుంది. చోటు, జీపీఎస్ అంకెలు, తేదీ, సమయం, పద్ధతి, సేకరించినవారి పేరు: ఈ ఆరూ లేని నమూనా ఎంత అరుదైనదైనా పారేయవలసిందే. పేరు తప్పు రాస్తే తర్వాతివారు దిద్దుతారు, తేదీ లేకపోతే ఎవరూ తెచ్చి ఇవ్వలేరు.

నేల మీది కీటకాల్లో అన్నీ పెట్టుకోవద్దు. తూనీగలు, సీతాకోకచిలుకలు, పేడపురుగులు, చీమలు, ఈ నాలుగింటిలో మీ దగ్గర ఆసక్తి ఉన్నవారు దేనికి ఉన్నారో ఆ రెండు ఎంచుకోండి. నా ఓటు తూనీగలకు, ఎందుకంటే వాటి పిల్లలు మీరు ఎలాగూ వల వేసే నీటిలోనే పెరుగుతాయి. 500 మీటర్ల దారి గుర్తుపెట్టుకుని, ఎండ ఉన్న రోజు ఉదయం తొమ్మిది నుంచి పదకొండు లోపు ఒకే వేగంతో నడుస్తూ, రెండు వైపులా రెండున్నర మీటర్ల లోపు కనిపించినవే రాయాలి. చెరువు మీద ఎగురుతున్న తూనీగ అక్కడే పుట్టిందని అనుకోలేం. పాంటాలా అనే పసుపు తూనీగ సముద్రాలే దాటగలదు. గడ్డి కాడలకు, తూము గోడకు అంటుకుని ఉండే ఖాళీ పొట్టులను ఏరండి. పిల్ల నీటి నుంచి పైకెక్కి చర్మం విడిచి ఎగిరిపోయిందనడానికి అదే సాక్ష్యం. ప్రాణం తీయకుండా దొరికే నమూనా కూడా.

తొలకరిలో విద్యార్థులు ఆరుద్ర పురుగులను తెస్తారు. వద్దనకండి, కాళ్లు లెక్కపెట్టించండి. ఎనిమిది ఉంటాయి. అది కీటకం కాదు, సాలీడు బంధువు. మీ పట్టికలో దానికి వేరే వరుస ఉండాలి.

మలైజ్ వల అనే గుడారం వల గురించి అడిగారు. స్వీడన్ శాస్త్రవేత్త రెనే మలైజ్ 1930లలో రూపొందించిన మంచి సాధనమే. వారం ఉంచితే వేలకు వేల ఈగలు, కందిరీగలు పడతాయి. వాటిని చూసి పేరు చెప్పగల నిపుణులు ముందే సరేనన్నప్పుడు తప్ప రక్షిత ప్రాంతంలో దాన్ని వేయవద్దని గట్టిగా చెబుతాను. నేలలో పాతే గ్లాసు ఉచ్చుల విషయంలో, పైన సన్నటి తీగ జాలీ తప్పక వేయండి, లేకపోతే కప్పపిల్లలు, నలికిరులు పడి చస్తాయి. అందులో ఉప్పునీరు వాడండి. ఇంజన్ కూలెంటుగా దొరికే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, తాగిన జంతువు చనిపోతుంది. గూళ్ల కాలంలో పక్షులున్న చెట్ల కింద ఏ ఉచ్చూ వద్దు, అక్కడ తిరగడమే వద్దు. బెదిరిన పిల్లలు గూటి నుంచి కింద పడిపోతాయి.

పేర్ల దగ్గర నిదానం కావాలి. నీటి లార్వాలను కుటుంబం స్థాయి వరకు గుర్తిస్తే మొదటి ఏడాదికి అది మంచి పని. జాతి పేరు వరకు బలవంతంగా లాగితే పట్టిక అందంగా కనిపిస్తుంది, నిజం పోతుంది. తెలియనిదాన్ని ‘మేఫ్లై, రకం 3’ అని రాసి, ఆ రకం 3 సీసాను విడిగా దాచండి. తూనీగలకు, సీతాకోకచిలుకలకు ఐనాచురలిస్ట్, ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్ అనే వెబ్‌సైట్లు బాగా ఉపయోగపడతాయి. మంచినీటి జీవులకు భారత జంతు సర్వేక్షణ సంస్థ వారి మంచినీటి జీవశాస్త్ర కేంద్రం హైదరాబాదులోనే ఉంది. సర్వే మొదలుకాకముందే వారికి ఉత్తరం రాసి, నమూనాల ప్రతులు అక్కడ భద్రపరిచే వీలు అడగండి. చివరలో అడిగితే అక్కడి పద్ధతికి సరిపోని సీసాలు వెనక్కి వస్తాయి. విదేశాలకు పంపాలనుకుంటే 2002 జీవవైవిధ్య చట్టం నిబంధనలు, చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి ముందే చూసుకోవాలి.

లెక్కల్లో ఒకటి మాత్రం తప్పక వేయండి. ఉదాహరణకు మీకు 48 రకాలు దొరికాయి, వాటిలో ఒక్కసారే కనిపించినవి 12, సరిగ్గా రెండుసార్లు కనిపించినవి 6 అనుకుందాం. కంట పడని రకాలను అంచనా వేసే చావో సూత్రం ప్రకారం 12ను 12తో గుణించి, 6కు రెట్టింపైన 12తో భాగిస్తే 12 వస్తుంది. అంటే అక్కడ కనీసం 60 రకాలు ఉండవచ్చు, ఇంకో డజను మీ కంట పడలేదు. రెండు చెరువులను పోల్చేటప్పుడు దొరికిన సంఖ్య కంటే ఇది న్యాయమైన కొలత. నీటి నాణ్యతకు బ్రిటన్‌లో 1970ల చివర తయారైన బీఎండబ్ల్యూపీ స్కోరు వాడతారు, కాలుష్యాన్ని తట్టుకోలేని జీవుల కుటుంబానికి ఎక్కువ మార్కులు, తట్టుకునేదానికి తక్కువ. అందులో రాళ్లకు అంటుకునే చదునైన హెప్టజీనియిడ్ మేఫ్లైకి 10, కైరొనొమిడ్‌కు 2. మన దగ్గర కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కూడా ఇదే బాటలో ఒక ప్రమాణం రూపొందించింది. మీ గెడ్డ మూడు చోట్లను ఒకదానితో ఒకటి పోల్చడానికి వాడండి, ‘మా గెడ్డ నీరు శుద్ధం’ అని ధ్రువపత్రం ఇవ్వడానికి కాదు. వెతికినా దొరకనిచోట సున్నా రాయండి, వెతకనిచోట గడి ఖాళీగా వదలండి. రెండూ ఒకటి కావు.

సోంపేట బీల గుర్తుందా? 2010లో థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దని అక్కడివారు పోరాడినప్పుడు, కాగితాల మీద ఆ తడినేల పనికిరాని భూమిగానే కనిపించింది. చేపలు, నీటి మొక్కలు, పురుగులు ఏవి ఎక్కడ ఉంటాయో అక్కడి రైతులకు, మత్స్యకారులకు తెలుసు. కొండ మీద సవర, జాతాపు పెద్దలకు గెడ్డ గురించి అంతే తెలుసు. వారిని దారి చూపేవారిగా మాత్రమే చూడకండి. వారు చెప్పిన పేర్లు, కాలాలు, మార్పులు వారి అనుమతితో నివేదికలో రాసి, ఒక ప్రతి తెలుగులో పంచాయతీ జీవవైవిధ్య కమిటీకి ఇవ్వండి.

చివరిగా భద్రత. మందస, ఉద్దానం వైపు ఎలుగుబంట్లు ఉన్నాయి, జీడి, పనస పండే కాలంలో తోటల్లోకి వస్తాయి. తెల్ల గుడ్డ కట్టి దీపం పెట్టే రాత్రి సర్వేను అటవీ సిబ్బంది లేకుండా చేయవద్దు, రాత్రి పది దాటకుండా ముగించండి. దీపానికి పురుగులు, పురుగులకు కప్పలు, కప్పలకు పాములు వస్తాయి, గుడ్డ చుట్టూ బూట్లతోనే నడవాలి. పార్వతీపురం మన్యం వైపు గెడ్డ ఎంచుకుంటే ఏనుగుల గుంపు ఎక్కడుందో ఆ ఉదయమే అటవీ శాఖను అడిగి బయలుదేరండి. ఒక చెరువులో వాడిన వలను బాగా ఉతికి, పూర్తిగా ఎండలో ఆరాకే మరో చెరువులో దించండి, నత్త పిల్లలు, కలుపు విత్తనాలు దానితోనే ప్రయాణిస్తాయి. మీ గెడ్డ వెడల్పు, జనవరిలో దాని లోతు, అడుగున రాళ్లా ఇసుకా అన్నది రాస్తే ఆ మూడు చోట్లు ఎక్కడెక్కడ పెట్టుకోవచ్చో చెబుతాను.